పన్ను వేయమని అడిగిన పంతులమ్మ

మున్సిపల్ ఆఫీసుకి జనం రెండు పనుల మీదే వస్తారని చాలాకాలం అనుకున్నాను. ఒకటి పన్ను తగ్గించమని బతిమాలడానికి, రెండోది అసలెందుకు వేశారని దెబ్బలాడడానికి. పన్ను వేయండి బాబూ అని అడగడానికి వచ్చిన మనిషిని నా సర్వీసు మొత్తంలో ఒక్కరినే చూశాను. ఆవిడ మా ఊళ్లో మిషను వారి ఆడపిల్లల బడికి పెద్ద పంతులమ్మ.

అరవైల మొదట్లో సంగతి. మా ఊరు అటు పట్నమూ కాదు, ఇటు పల్లెటూరూ కాదు. తూర్పున పత్తి మిల్లులు, పడమర మిరపకాయల కొట్లు. కాయ దిగే రోజుల్లో ఊళ్లో తుమ్మనివాడు ఉండడు. నేను మున్సిపాలిటీలో డ్రైనేజీ సెక్షను గుమస్తాని. సెక్షనంటే పెద్దగా ఊహించుకోకండి. నేనూ, ఒక బల్లా, తలుపు సరిగా పడని ఒక చెక్క బీరువా.

నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. ఏది చూసినా ఇది ఇలాగే ఎందుకుంది అని అడిగేస్తాను. బడిలో ఇందుకే తన్నులు తిన్నాను, ఆఫీసులో మేనేజరు చేత చీవాట్లు తిన్నాను, అయినా మానలేదు. అలాంటివాణ్ణి డ్రైనేజీలో వేశారంటే నా అదృష్టమనే చెప్పాలి. ఎవరూ ముక్కు మూసుకోకుండా చూడలేని పని అది. అందుకే అందులో ఎవరూ అడగని ప్రశ్నలు బోలెడు మిగిలిపోయాయి.

డ్రైనేజీ రాకముందు మాకు ఉన్నవల్లా వీధి పక్కన తెరిచి ఉన్న మురుగుకాలవలు, పెరట్లో పాకీదొడ్లు. పొద్దున్నే పాకీ ఆడవాళ్లు తట్టలు నెత్తిన పెట్టుకుని సందుల వెంట వెళ్తుంటే మేమంతా పక్కకి తప్పుకునేవాళ్లం. తరవాత గవర్నమెంటు అప్పిస్తే పెద్దవీధి కింద గొట్టాలు వేశారు. ఆ లైను బడి ఉన్న మెరకలో మొదలై, మిరపకాయల వర్తకుల మేడల ముందు నుంచి పల్లానికి పోయి, ఊరి చివర పంపుహౌసులో పడేది. అక్కణ్ణుంచి తోడి గడ్డితోటకి పారించేవారు. ఆ గడ్డిని గేదెలున్న వాళ్లకి వేలం వేస్తే నాలుగు డబ్బులు వచ్చేవి.

ఇళ్లకి కనెక్షన్లు ఇవ్వడం, వాటి మీద పన్ను రాబట్టడం, ఆ పన్నుతో పంపు కరెంటు బిల్లూ, గవర్నమెంటు అప్పు కిస్తీ కట్టడం, ఇదీ నా పని. రూల్సు కూడా నేనే రాశాను. కమిషనరుగారు పిలిచి, "మనకి బాకీలు పడకుండా చూడవయ్యా," అన్నారు. రెండు రోజులు తల గోక్కుని గొప్ప ఉపాయం ఒకటి కనిపెట్టాను. ఆరునెలల ఇంటిపన్ను ఎంతో, అంత డిపాజిట్టు ముందే కట్టించుకోవాలి. ఆ రసీదు నంబరు పడితేనే కనెక్షను. చిన్నిల్లయితే చిన్న డిపాజిట్టు, మేడయితే పెద్ద డిపాజిట్టు. న్యాయానికి న్యాయం, సులువుకి సులువు. కౌన్సిలు ఒక్క అక్షరం మార్చకుండా పాస్ చేసింది. ఆ సాయంత్రం మా ఆవిడకి రెండు మూరల మల్లెపూలు కొనుక్కెళ్లాను.

పంతులమ్మగారు వచ్చింది ఆ తరవాత రెండేళ్లకి, మార్చి నెలలో. యాభై దాటిన మనిషి. తెల్లటి నేతచీర, చేతిలో గొడుగు. నా బల్ల ముందు నిలబడి, బడిలో పాఠం చెప్పే గొంతుతోనే అన్నారు.

"గుమస్తాగారూ, మా బడికి ఇంటిపన్ను వేయాలండి. ఎంతైనా సరే, కడతాం."

పక్క సెక్షన్ల వాళ్లు రాయడం ఆపి తలలెత్తారు. క్యాషియరుగారికి తాగుతున్న కాఫీ పొలమారింది.

"బడికి పన్ను ఉండదు కదండీ టీచరుగారూ. చట్టంలోనే మినహాయించారు."

"ఆ మినహాయింపు వల్లే మాకు చిక్కొచ్చిందండి. మీరు మా అర్జీ రెండుసార్లు వెనక్కి పంపారు."

బీరువాలో వెతికి ఆఫీసు కాపీలు తీశాను. నిజమే. బడిలో మరుగుదొడ్డి కట్టుకుంటాం, లైనుకి కనెక్షను ఇప్పించండి అని రెండు అర్జీలు. రెండింటి మీదా నా చేతిరాతే. మొదటిదాని మీద, "ఆరునెలల పన్ను గడి ఖాళీగా ఉన్నది, పూర్తి చేసి పంపవలెను" అని రాశాను. ఆవిడ ఆ గడిలో సున్నా వేసి రెండోసారి పంపారు. సున్నా రూపాయలకి క్యాషియరు రసీదు రాయడు. రసీదు లేందే నంబరు లేదు, నంబరు లేందే కనెక్షను లేదు. అదీ వెనక్కి పంపాను. ఊళ్లో పన్ను లేని బిల్డింగు కూడా ఒకటి ఉంటుందని రూలు రాసేటప్పుడు నాకు తట్టనే లేదు. శుభ్రంగా పప్పులో కాలేశాను.

తప్పు దొరికినవాడు ఒప్పుకోవాలిగా. ఒప్పుకోకపోగా, "అయినా అంత తొందరేమిటండీ?" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

ఆవిడకి కోపం రాలేదు. "సాయంత్రం ఒకసారి బడి దాకా రండి, చెబుతాను," అని గొడుగు తీసుకుని వెళ్లిపోయారు. ఆ రోజంతా ఆఫీసులో అదే మాట చెప్పుకుని నవ్వుకున్నారు. నేనూ నవ్వాను గానీ, లోపల పురుగు తొలవడం మొదలెట్టింది. ఊరికే వచ్చిన మినహాయింపు కాదనుకుని పన్ను కడతాననే మనిషికి ఎంత అవసరం ఉండి ఉండాలి?

బడి గేటుకి ఎదురుగానే లైనులో మొదటి మ్యాన్‌హోలు. నేను వెళ్లేసరికి నీళ్లబండి సాయిబు అక్కడ ఎడ్లని నిలిపి, బండి మీది డ్రమ్ము బిరడా లాగి, నీళ్లన్నీ భళ్లున ఆ గుంటలోకి వదులుతున్నాడు. పది బారల అవతల వీధికుళాయి దగ్గర బిందెలు బారు తీరి ఉన్నాయి. ఆ ఆడవాళ్లు సాయిబుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయడానికి కుదరదు.

"ఏం తాతా, ఈ ఎండల్లో నీళ్లు తెచ్చి మురుగులో పోస్తున్నావేంటి?" అన్నాను.

"నన్నడుగుతావేంటి బాబూ? మీ ఆఫీసోళ్లేగా పొయ్యమంది. రోజుకి రెండు బళ్లు. పైనుంచి నీళ్లు పారకపోతే కింద గడ్డకట్టుద్దంట. పొయ్యమన్నారు, పోస్తన్నా. తిట్లు మాత్రం నాకు."

ఆ బండి కూలి నెలనెలా పాస్ చేసేది నేనే, "లైను శుభ్రత" అనే పద్దు కింద. ఆ శుభ్రత ఏమిటో ఒక్కనాడూ అడగలేదు. అన్నీ అడిగేవాణ్ణని నాకు నేనే బిరుదు ఇచ్చుకున్నాను చూడండి!

పంతులమ్మగారు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "చూశారుగా. మీరు కూలిచ్చి మరీ నీళ్లు తెప్పించి మా గుమ్మంలో పోయిస్తున్నారు. మా పిల్లలు రెండొందల మంది, వాళ్లు వాడిన నీళ్లు ఊరికే ఇస్తామంటే వద్దంటున్నారు," అన్నారు. ఆవిడ నవ్వుతూనే అన్నారు, నాకే నవ్వు రాలేదు.

లోపలికి తీసుకెళ్లి కుర్చీ వేశారు. ఆ బడిలో చదివేది ఎక్కువగా పాలెంలోని కిరస్తానీ కూలివాళ్ల పిల్లలు, కొందరు సాయిబుల పిల్లలు, నేతపని వాళ్ల పిల్లలు. బడికి దొడ్డి లేదు. చిన్నపిల్లలు గోడ వెనక్కి వెళ్తారు. పెద్దపిల్లలు?

"పెద్దపిల్లలు పొద్దున్న ఇంటి దగ్గర మంచినీళ్లు తాగకుండా వస్తారండి. బడి వదిలిందాకా గుక్కెడు కూడా గొంతులో పోసుకోరు. ఈ ఎండలకి కళ్లు తిరిగి పడిపోతుంటారు. ఏడో తరగతికి వచ్చేసరికి ఒక్కొక్కరే మానేస్తారు. ఎందుకు మానేస్తున్నారో తల్లులు నాతో చెబుతారు, ఇంట్లో మగవాళ్లతో చెప్పుకోలేరు."

ఆవిడ అంత మామూలుగా చెబుతుంటే నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను. అసలు సంగతి ఇంకా ఉంది. ఎనిమిదో తరగతిలో పదిమందన్నా లేకపోతే వచ్చే జూన్ నుంచి ఆ తరగతి ఎత్తేస్తామని స్కూళ్ల ఇన్‌స్పెక్టరు చెప్పి వెళ్లాడట. ఎనిమిది పాసైన పిల్ల టీచరు ట్రైనింగుకి వెళ్లొచ్చు, ఆస్పత్రిలో పని నేర్చుకోవచ్చు. తరగతి పోతే ఆ దారి మూసుకుపోతుంది. ఏడో తరగతిలో అప్పటికి మిగిలినవాళ్లు పదకొండు మంది. వాళ్లని నిలబెట్టుకోవడానికి ఆవిడకి మూడు నెలలు గడువుంది.

మర్నాడు కమిషనరుగారికి చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. "వాళ్లడిగినా మనం పన్ను వేయకూడదయ్యా. నీ రూలే మార్చాలి. మార్చాలంటే కౌన్సిలుకి వెళ్లాలి. అక్కడ ఆ బడి ఊసెత్తితే ఏమవుతుందో నీకు తెలియదూ?"

తెలుసు. పెద్దవీధి కౌన్సిలరుగారు మిరపకాయల్లో బాగా గడించిన మనిషి. లైను వేసేటప్పుడే, "పాలెం పిల్లల మురుగు మా మేడల కిందనుంచి పారడమేమిటి?" అని లేచాడు. బడిని కలపడం లేదని చెబితేనే కూర్చున్నాడు. నా రూలుని ఒక్క అక్షరం మార్చకుండా ఎందుకు పాస్ చేశారో నాకు అప్పుడు అర్థమైంది. నేను తెలివితక్కువగా వదిలేసిన కంత వాళ్లకి పనికొచ్చింది.

"ఆయనకి లాభం కనబడేలా ఏదన్నా పట్టుకురా, చూద్దాం," అన్నారు కమిషనరుగారు.

లాభం ఏముంటుందా అని ఆలోచిస్తుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. రోజుకి రెండు బళ్ల నీళ్లు పోయిస్తున్నా ఆ కౌన్సిలరుగారి మేడ ముందే లైను తరచూ పూడిపోతోంది. మురుగు వెనక్కి తన్ని ఆయన వసారాలోకి వస్తోంది. నీళ్లు పోస్తున్నా ఎందుకు పూడుతోంది? పోసిన నీళ్లు ఎందాకా వెళ్తున్నాయి? తెలుసుకోవాలంటే నీళ్ల మీద తేలేవి, చీకట్లో కూడా కనబడేవి ఏవన్నా వేసి చూడాలి. మా ఊళ్లో అలాంటివి వెతుక్కోవాలా? వంటింట్లో డబ్బా తెరిచి రెండు గుప్పిళ్ల ఎండుమిరపకాయలు తువ్వాల్లో మూటగట్టుకున్నాను.

ఆదివారం పొద్దున సాయిబు బండి నీళ్లు వదలగానే మొదటి మ్యాన్‌హోలులో మిరపకాయలు వేశాను. ఇనప కొక్కెం పట్టుకుని రెండోదాని దగ్గరికి పరుగెత్తి మూత లేపాను. ఎర్రగా కొట్టుకొచ్చాయి. సంతోషంతో మూడోదాని దగ్గరికి పరుగెత్తాను. అక్కడా వచ్చాయి, కానీ నీరసంగా. కౌన్సిలరుగారి మేడ ముందున్న నాలుగోదాని దగ్గర వంగి ఎంతసేపు చూసినా ఒక్క కాయ లేదు.

తల ఎత్తేసరికి చుట్టూ ఆడవాళ్లు. నడివీధిలో గుంట తెరిచి ఎండుమిరపకాయలు వేసేవాణ్ణి చూస్తే మా వైపు ఎవరికైనా తోచేది ఒక్కటే.

"ఎవరి దిష్టి తీసి మా వీధిలో పోస్తన్నావయ్యా? నీకు వేరే వీధే దొరకలేదా?" అని ఒకావిడ కొంగు బిగించింది.

"పిల్లలు తిరిగే చోటు! పైగా ఒక్క గుంట కాదంట, ప్రతి గుంటలోనూ వేస్తన్నాడంట!" అని ఇంకొకావిడ.

"దిష్టి కాదమ్మా, నీళ్లు ఎంత దూరం వెళ్తున్నాయో చూస్తున్నాను. మున్సిపాలిటీ పని," అన్నాను.

"మున్సిపాలిటీ ఎప్పుడన్నా ఆదివారం పని చేసిందా?" అంది మొదటావిడ. సాయిబు అడ్డుపడి, "మన గుమాస్తాబాబేనమ్మా, మంచోడే, కాస్త తిక్క అంతే," అని నన్ను బయటపడేశాడు. ఆ మధ్యాహ్నం ఆ వీధిలో పిల్లలందరికీ దిష్టి తీశారని తరవాత తెలిసింది.

మరో రెండు ఆదివారాలు అదే పని చేశాను. ప్రతిసారీ కాయలు మూడోదాని దాకా వచ్చి ఆగిపోయాయి. సంగతి తేలికే. బండి నీళ్లు ఒక్కసారిగా వచ్చి కాసేపటికి అయిపోతాయి. చెత్తని కొంత దూరం నెట్టి అక్కడ వదిలేస్తాయి, మిగతా రోజంతా లైను ఎండిపోయి ఉంటుంది. కావలసింది పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆగకుండా కాసిని కాసిని నీళ్లు. మరుగుదొడ్డి అంటూ ఉంటే మెరక మీద అలా నీళ్లు వాడే చోటు ఊళ్లో ఒక్కటే ఉంది, రెండొందల మంది ఆడపిల్లల బడి. కౌన్సిలరుగారి వసారా బాగుపడాలంటే ఆ పిల్లల నీళ్లు ఆయన మేడ కిందనుంచి పారక తప్పదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా మా ఆవిడకి ఉత్సాహంగా చెప్పాను. పిల్లలు నీళ్లు తాగకుండా వస్తారన్న సంగతి కూడా, ఏదో కొత్త విషయం కనిపెట్టినవాడిలా చెప్పాను. ఆవిడ మజ్జిగ పోస్తూ ఆగింది.

"ఇది తెలుసుకోడానికి మీకు మూడు వారాలూ, నా మిరపకాయలూ కావలసి వచ్చాయా?" అంది. "నేను ఆరో తరగతిలో మానేసింది ఎందుకనుకున్నారు?"

"మీ నాన్న మాన్పించారన్నావు కదా."

"నేనే మానేశాను. మా నాన్న రోజూ వెళ్లమనే పోరాడేవాడు. ఆయనకి చెప్పలేకపోయాను." ఆవిడ గిన్నె తీసుకుని లేచింది. పెళ్లయి పన్నెండేళ్లు. ఊళ్లో ప్రతి గుంటా మూత తీసి చూసినవాణ్ణి, ఇంట్లో మనిషిని నువ్వెందుకు చదువు మానేశావని ఒక్కసారి అడగలేదు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే కౌన్సిలుకి నోట్ రాశాను. బళ్ల కూలి ఎంతవుతోందో, బడిని కలిపితే ఎంత మిగులుతుందో, పెద్దవీధి ఎందుకు పూడుతోందో అన్నీ రాశాను. ఆడపిల్లల దాహం గురించి మాత్రం ఒక్క ముక్క రాయలేదు. రాస్తే ఆ గదిలో ఓడిపోతామని నాకు తెలుసు. అది తెలిసినందుకు సిగ్గేసింది.

సమావేశంలో కౌన్సిలరుగారు నోట్ రెండుసార్లు చదివించుకున్నాడు. "ఇంకో దారి లేదంటావా?" అని నన్నడిగాడు.

"ఉందండి. రోజుకి ఆరు బళ్లు పోయించొచ్చు. ఆ ఖర్చు మీ వీధి పన్నులో కలపాలి."

మద్రాసు నుంచి సరుకు చూడటానికి వచ్చిన షావుకార్లు ఆ ముందు వారమే ఆయన వసారాలో నిలబడలేక వీధిలోకి వచ్చేశారని ఊరంతా చెప్పుకుంటున్నారు. చివరికి, "కానివ్వండి," అన్నాడు. పన్ను లేని సంస్థలకి డిపాజిట్టు ఒక్క రూపాయి అని రూలు మారింది. పంతులమ్మగారు వచ్చి ఆ రూపాయి కట్టి, రసీదు రెండుసార్లు చదువుకుని, మడిచి కళ్లజోడు పెట్టెలో పెట్టుకున్నారు. ఏప్రిల్ ఆఖరికి నాలుగు గదుల మరుగుదొడ్డి లేచింది, గొట్టం లైనుకి కలిసింది.

జూన్‌లో బడి తెరిచాక చూసొద్దామని వెళ్లాను. మెచ్చుకుంటారని వెళ్లానని ఒప్పుకుంటాను. ఎనిమిదో తరగతిలో పదకొండు మందీ కూర్చుని ఉన్నారు. కిటికీ దగ్గర కొత్త కుండ, దాని మీద గ్లాసు. ఒక పిల్ల లేచి వెళ్లి గటగటా నీళ్లు తాగి వచ్చి కూర్చుంది. అంత మామూలు పని చూసి నాకు కళ్లు చెమర్చాయి.

"పన్నెండో పిల్ల ఒకతి ఉండాల్సిందండి," అన్నారు పంతులమ్మగారు వరండాలో నడుస్తూ. "మేం మొదటి అర్జీ పెట్టినప్పుడు ఆరులో ఫస్టు. ఏడుకి వచ్చి మధ్యలో మానేసింది." ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, తిట్టించుకుని ఇంటికి పోయేవాణ్ణి.

ఆ పిల్ల ఎక్కడుందని అడిగాను. అడక్కుండా ఉండలేను కదా. కౌన్సిలరుగారి కొట్లోనే కూలి చేస్తోందన్నారు.

కొట్టంతా ఘాటు. ఆడకూలీలు ముక్కులకి గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని, కాయల రాశుల్లోంచి రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు. మేస్త్రీ చూపించాడు. పద్నాలుగేళ్లుంటాయి. మెళ్లో కొత్త పసుపుతాడు. నన్ను చూసి ముక్కు మీది గుడ్డ కిందకి దించింది.

"మున్సిపాలిటీ నుంచి వచ్చానమ్మా. మీ బడిలో మరుగుదొడ్డి కట్టారు," అన్నాను. ఆ మాట చెప్పడానికి ఎందుకు వచ్చానో నాకే తెలియలేదు.

"విన్నానండి. తలుపులు పెట్టారా అండీ?"

"పెట్టారు."

"లోపల గడియ?"

"ఉంది."

ఆ పిల్ల ముఖం విప్పారింది. ఒక్క క్షణం ఆ గదులు చూస్తున్నట్టే ఉంది. తరవాత అడిగింది.

"కట్టడానికి ఎన్నాళ్లు పట్టిందండీ?"

"పన్నెండు రోజులమ్మా."

"అంతేనా అండీ?" అంది. గుడ్డ మళ్లీ ముక్కు మీదికి లాక్కుని, రాశిలోంచి తాలుకాయ ఒకటి తీసి పక్కన పడేసింది.